నున్న పక్క పైకి

ఎనిమిదేళ్ళుగా గుండె మీద ఒక బండ మోస్తున్నాను. మాట వరసకు అనడం లేదు. దాని కొలతలు కూడా చెప్పగలను. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అంగుళం మందం. ఒక పక్క నున్నగా ఉంటుంది, ముఖం చూసుకోవచ్చు. ఇంకో పక్క గరుకుగా ఉంటుంది, భూమిలోంచి తీసినప్పుడు ఎలా ఉందో అలాగే. నేను చేసిన తప్పంతా ఆ రెండు పక్కల మధ్యనే ఉంది.

పేరు చెప్పను. ఊరి పేరూ చెప్పను. బేతంచెర్ల బస్సులో కునుకు పట్టేలోపు వచ్చే ఊళ్ళలో ఒకటనుకోండి. మా వైపు ఇంటి నేల బండే, అరుగు బండే, బట్టలుతికేది బండ మీదే, పశువుల కొట్టంలో పరిచేదీ బండే. నేను ముప్పయ్యేళ్ళు పాలిష్ ఫ్యాక్టరీ నడిపాను. ఫ్యాక్టరీ అంటే పెద్దగా ఊహించుకోకండి. రెండు మిషన్లు, ఒక రేకుల షెడ్డు, చుట్టూ తెల్ల బురద. ఇప్పుడది కూడా అమ్మేశాను. మీకే ఎందుకు చెబుతున్నానంటే, మీరు నన్ను ఎరగరు. ఎరిగినవాళ్ళకు చెప్పాలని చాలాసార్లు పోయాను. నోరు తెరిచి, తెరిచిన నోటితో కాఫీ తాగి వచ్చేశాను.

మా వీధి స్టేషన్ రోడ్డు మీద ఉంది. క్వారీ లారీలన్నీ ఆ రోడ్డునే పోతాయి. లోడు లారీ పోతుంటే వంటింట్లో గిన్నెలు గలగలమంటాయి. అప్పట్లో పక్కన నడవడానికి జాగా లేదు. ఒక వైపు మురుగు కాలువ, ఇంకో వైపు లారీ చక్రం. బడి పిల్లలు ఆ రెండింటి మధ్య ఒకరి వెనక ఒకరు పోయేవాళ్ళు. హారన్ వినబడితే కాలువలోకి దిగేవాళ్ళు. ఎప్పుడో ఒకనాడు ఏదో ఒక ఇంట్లో ఏడుపు తప్పదని అందరికీ తెలుసు. అందుకని వీధి సంఘం పెట్టుకున్నాం. నన్ను సెక్రెటరీని చేశారు, ఎందుకంటే వీధిలో లెటర్‌హెడ్ ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే.

సంఘానికి అసలు ప్రాణం మా పక్కింటి సరోజమ్మ టీచర్. ఇంటింటికీ తిరిగి అర్జీ మీద సంతకాలు పెట్టించేది. వేలిముద్ర వేస్తామన్నవాళ్ళను వదిలేది కాదు. కూర్చోబెట్టి, పేరు రాయడం నేర్పించి మరీ పెట్టించేది. దానివల్ల ఒక్కో అర్జీ తయారయ్యేసరికి నెల గడిచేది. ప్రతి అర్జీ మీదా మొదటి సంతకం నాది. కింద రెండు గీతలు, రెండు చుక్కలు. ఆ సంతకం చూసుకుని నేనే మురిసిపోయేవాణ్ణి.

సోమవారం సోమవారం మునిసిపాలిటీకి పోయేవాళ్ళం. ముద్ర గుద్ది తీసుకునేవాళ్ళు. ఒకసారి పరిశీలనలో ఉందన్నారు. ఒకసారి పాత అర్జీ జిరాక్సు తెమ్మన్నారు. ఇంకోసారి, మేము అడుగుతున్న ఫుట్‌పాత్ కాగితాల్లో ఇప్పటికే ఉందన్నారు. అయితే దాని మీద నడిచేవాళ్ళెవరో చూపించండని సరోజమ్మ టీచర్ అడిగేసరికి భోజనాల టైమయింది.

చివరకు కొత్తగా వచ్చిన ఇంజినీరు ఒక దారి చెప్పాడు. కాలువ మీద మూతలు వేసి, దాని మీద ఫుట్‌పాత్ పరిపిస్తాం, సిమెంటూ కూలీ మావి, బండలు మీవి అన్నాడు. సంఘం మీటింగులో అందరూ నా వైపు చూశారు. లేచి, మొత్తం బండలు నేనే ఇస్తానన్నాను. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లే నన్ను చెడగొట్టాయి అనుకుంటాను. లేదు, ఇది కూడా తప్పించుకోవడమే. చెడిపోయే బుద్ధి లోపల సిద్ధంగా ఉండబట్టే చప్పట్లకు లేచింది.

ఫుట్‌పాత్‌కు గరుకు బండ చాలు. ఆ సంగతి నిన్న పనిలో చేరిన కూలీకి కూడా తెలుసు. నేను మాత్రం బండలన్నీ మిషనెక్కించి, డబ్బిచ్చి కొన్నవాళ్ళకు కూడా పట్టనంత శ్రద్ధగా పాలిష్ పట్టించాను. ఎందుకు? బళ్ళారి నుంచి, బెంగళూరు నుంచి బండలు కొనడానికి వచ్చే కార్లు స్టేషన్ రోడ్డునే పోతాయి. కారు దిగకుండానే నా పాలిష్ వాళ్ళ కంట పడాలి. అది ఒక కారణం. రెండోది ఇంకా చిన్నది, చెప్పాలంటే సిగ్గుగా ఉంది. పొద్దున నడకకు పోతూ నా రాయిలో నా ముఖం చూసుకోవాలి. పిల్లల ప్రాణాల కోసం నడుం కట్టిన పెద్దమనిషి లోపల ఇంత చిన్న కోరిక ఉంటుందా? ఉంది మరి.

పరిచే పని బాషా మేస్త్రీకి వచ్చింది. మా ఊర్లో నేల పరచడంలో అతనికి మించినవాడు లేడు. అతను పరిచిన గదిలో గోళీ వదిలితే వదిలిన చోటే నిలబడుతుందనేవాళ్ళు. ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు కూడా 'బాషా పరిచిన ఇల్లు' అని చెప్పి ఇచ్చేవాళ్ళు. మొదటి రోజు పొద్దున్నే బండను అరచేత్తో తడిమాడు. తిరగేశాడు. ఇంకోసారి తడిమి నా దగ్గరికి వచ్చాడు. అప్పుడు మేము మాట్లాడుకున్నది ఒక్క ముక్క కూడా మరిచిపోలేదు. అక్కడ ఇంకెవరూ లేరు.

"సార్, గరుకు పక్క పైకి ఏస్తాండా."

"వద్దు. నున్న పక్క పైకి."

"వానొస్తే మనిషి నిలబడడు సార్."

"ఏమప్పా బాషా, ఈ ఊర్లో వాన యాడుండాది? బోర్లలో నీళ్ళు లేక సస్తాంటే."

"ఒగ దినమన్నా వస్తాది గదా సార్."

"ఆ ఒగ దినం అందరూ ఇంట్లో కూసుంటార్లే. మిగతా దినాలన్నీ మెరుస్తాది గదా."

"మెరిసేది ఇంట్లో ఏసుకోవాల సార్. ఇది నడిచేదానికి."

అంటూనే తను తాగే నీళ్ళ సీసా మూత తీసి బండ మీద పోశాడు. "ఒగసారి కాలు పెట్టి సూడండి" అన్నాడు.

నేను కాలు పెట్టలేదు. "నా బండలు. నేను చెప్పినట్టు ఎయ్యి" అని, ఫ్యాక్టరీలో పనుందని వచ్చేశాను. ఆ రోజు ఫ్యాక్టరీలో కరెంటు లేదు. పనీ లేదు. ఊరికే కుర్చీలో కూర్చున్నాను. తెలియక చేశానని ఎవరైనా నా తరఫున అనబోతే, ఆ కాలు సంగతి గుర్తు చేయండి. తెలియనివాడైతే కాలు పెట్టి చూసేవాడు. ఏమవుతుందో తెలుసు గనకే పెట్టలేదు.

ఫుట్‌పాత్ తయారైంది. ఎండలో కళ్ళు చికిలించుకోవాల్సినంత మెరిసింది. రిబ్బన్ కత్తిరించారు, ఒక మూల దాతగా నా పేరు చెక్కిన రాతి పలక నిలబెట్టారు. వచ్చిన చిక్కల్లా, దాని మీద ఎవరూ నడవలేదు. మొదటి వారం గౌరవంతో నడవలేదు. కొందరు ముసలివాళ్ళు చెప్పులు రోడ్డు మీద విడిచి, ఫుట్‌పాత్ ఎక్కి, అవతలి చివర దిగి, చెప్పుల కోసం మళ్ళీ వెనక్కి వచ్చేవాళ్ళు. ఆడవాళ్ళు ఎవరి ఇంటి ముందర మేరకు వాళ్ళు కడిగి ముగ్గులు పెట్టారు. ఒకావిడ వడియాలు ఎండబెట్టింది. రెండో వారం నుంచి భయంతో నడవలేదు. కడిగిన తడి మీద మొదట పాలాయన పడ్డాడు. తర్వాత పోస్ట్‌మ్యాన్ పడ్డాడు. ఆ తర్వాత, వాళ్ళిద్దరినీ చూసి నవ్విన టీకొట్టాయన పడ్డాడు.

పిల్లలు మళ్ళీ రోడ్డు మీదికే దిగారు. ఇదివరకు లారీ వస్తే కాలువలోకైనా దూకేవాళ్ళు. ఇప్పుడు దూకడానికి కాలువ కూడా లేదు, దాని మీద నా బండలున్నాయి.

తర్వాత వాన వచ్చింది. బాషా చెప్పిన ఆ ఒక్క దినం. ఊరంతా సంబరపడింది, నేను తప్ప. సరోజమ్మ టీచర్ గొడుగు వేసుకుని బడికి బయల్దేరింది. అర్జీలు పెట్టి తెచ్చుకున్న మనమే నడవకపోతే ఎట్లా అని, పిల్లలకు చూపించడానికి ఫుట్‌పాత్ ఎక్కింది. నేను మా అరుగు మీదే ఉన్నాను. ఆగమని అరవడానికి నోరు తెరిచాను. ఆవిడ గొడుగు వదలకుండా, నిలబడిన మనిషి నిలబడినట్టే బారెడు దూరం ముందుకు పోయి, నా పేరున్న పలకకు తగిలి కింద పడింది. చూస్తే నవ్వొచ్చేటట్టే ఉంది. కుడి చెయ్యి మణికట్టు దగ్గర విరిగింది.

కట్టు కట్టించుకుని వచ్చి నాతో అంది. "సెక్రెటరీ సార్, మీ బండలు శానా బాగుండాయి. మనుషులే నిలబడలేకుండారు." నవ్వుతూనే అంది.

కొత్త అర్జీ నేనే రాశాను. ఫుట్‌పాత్ కావాలని ఇన్నాళ్ళూ రాసిన చేత్తోనే, ఫుట్‌పాత్ బారి నుంచి ప్రజలను కాపాడవలసిందిగా రాశాను. మొదటి సంతకం నాదే. రెండు గీతలు, రెండు చుక్కలు. రెండోది సరోజమ్మ టీచర్‌ది. ఆవిడ ఎడమ చేతి బొటనవేలు ఇంకు ప్యాడ్ మీద అద్ది వేలిముద్ర వేసింది. వీధికంతా సంతకం నేర్పిన మనిషి. అప్పుడే చెప్పాల్సింది. ఆవిడ ఎదురుగా ఉంది, మేమిద్దరమే ఉన్నాం, మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పానా? ఇంకు ప్యాడ్ మూత పెట్టాను.

ఇంజినీరు విచారణకు వచ్చాడు. వీధంతా గుమిగూడింది. నున్న పక్క పైకి పెట్టింది ఎవరని అడిగాడు. బాషా చేతిలో తాపీతో ఒక పక్కగా నిలబడి ఉన్నాడు. నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. నేను చెబుతానని ఎదురు చూస్తున్నాడు, అంతే. నేను చెప్పింది ఇది: "మేస్త్రీలకు ఇవన్నీ తెలియాల గదా సార్."

ఎనిమిదేళ్ళుగా ఆ మాటను అటూ ఇటూ తిరగేసి చూస్తున్నాను. అందులో అబద్ధం లేదు. మేస్త్రీకి తెలియాలి, నిజమే. ఆ మేస్త్రీకి తెలుసు, అదీ నిజమే. తెలుసన్న సంగతి లోకంలో నాకొక్కడికే తెలుసు. నేను అబద్ధమాడలేదని మొదటి ఏడాదంతా నాకు నేను చెప్పుకున్నాను, రెండో ఏడాది నుంచి చెప్పుకునే ఓపిక పోయింది. అతను ఎందుకు ఊరుకున్నాడు? ఫ్యాక్టరీల వాళ్ళతో పెట్టుకుంటే పని దొరకదనా? నేనే చెప్పాలన్న పంతమా? లేక అంతమందిలో నా మర్యాద కాపాడాడా? ఆ చివరిది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు ముడుచుకుపోతుంది. "అవును సార్, మేస్త్రీకి తెలియాల" అన్నాడు. తాపీని లుంగీ అంచుకు తుడుచుకుని వెళ్ళిపోయాడు.

ఊరు ఊరుకుంటుందా? 'జారుడు మేస్త్రీ' అని పేరు పెట్టింది. అతను ఎదురైతే జారిపడుతున్నట్టు నటించి నవ్వేవాళ్ళు. ఆ నవ్వుల్లో నేనూ రెండుసార్లు కలిశాను. కలవకపోతే అనుమానం వస్తుందనుకున్నాను. క్రమంగా అతన్ని ఎవరూ పనికి పిలవలేదు. ఏడాది తిరగకముందే భార్యాపిల్లలను ఇక్కడ వదిలి బళ్ళారి పోయాడు, అక్కడెవరికీ ఈ పేరు తెలియదు గనక. ఫుట్‌పాత్ బండల మీద ఉలితో గాట్లు కొట్టించారు, రోలుకు కొట్టినట్టు. ఇప్పుడు పిల్లలు దాని మీదే బడికి పోతున్నారు, ఎవరూ పడటం లేదు. నా పేరున్న పలక ఒక్కటే నున్నగా మిగిలింది.

ఇన్నాళ్ళకు, పోయిన నెలలో, నా మోకాళ్ళ నొప్పి చూసి మా ఆవిడ బాత్రూము నేల మార్పించాలంది. నాతో చెప్పకుండానే మేస్త్రీని పిలిచింది. వచ్చినవాడు బాషా. గడ్డం నెరిసింది. నడుం నొప్పితో పెద్ద పనులు చేయలేక బళ్ళారి నుంచి వచ్చేశాడట. బండను అరచేత్తో తడిమాడు. తిరగేశాడు.

"సార్, ఏ పక్క పైకి?"

మా ఆవిడ కల్పించుకుంది. "అదేం మాటప్పా, బాత్రూముకు గరుకు పక్కే గదా."

"సార్ చెప్పాలక్కా. చెప్పి, కాగితం మీద రాసి, సంతకం పెట్టాల. అప్పుడే తాపీ పడతా."

మా ఆవిడ విరగబడి నవ్వింది. నేను లోపలికి పోయి కాగితం తెచ్చాను. 'గరుకు పక్క పైకి' అని రాసి సంతకం పెట్టాను. గీతలూ చుక్కలూ పెట్టలేదు. అతను దాన్ని మడిచి జేబులో పెట్టుకుని పనిలోకి దిగాడు. రెండు రోజుల్లో ముగించాడు. నీళ్ళు ఒక్క చుక్క నిలవకుండా తూముకు పోతున్నాయి. వెళ్ళేటప్పుడు గడప దగ్గర చెప్పులు తొడుక్కుంటూ, నా వైపు చూడకుండా అన్నాడు. "పాతదానికి గూడా ఇట్లాంటి కాగితం ఒగటి ఉంటే బాగుండు సార్."

రేషన్ కార్డు జిరాక్సు అడిగినట్టు మామూలుగా అడిగాడు. తిట్టి ఉంటే బాగుండేది.

అందుకని ఇది రాస్తున్నాను. స్టేషన్ రోడ్డు ఫుట్‌పాత్‌కు నున్న పక్క పైకి పెట్టమన్నది నేను. బాషా వద్దన్నాడు. ఒకసారి కాదు, మూడుసార్లు అన్నాడు. నీళ్ళు పోసి చూపించాడు. సరోజమ్మ టీచర్ చెయ్యి విరిగింది నా వల్ల. బాషా ఊరు విడిచింది నా వల్ల.

క్షమించమని అతన్ని అడగను. అడిగితే 'పర్లేదు సార్' అంటాడు, నాకు తెలుసు. అతని మంచితనాన్ని ఒకసారి వాడుకున్నాను, చాలు. మీరూ ఏమీ అనక్కర్లేదు. రాసేశాక మాత్రం ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది. కాగితం కింద సంతకం చోటు ఇంకా ఖాళీగా ఉంది. అన్ని అర్జీల మీదా అందరికన్నా ముందు పెట్టినవాణ్ణి, దీని మీద పెట్టడానికి పొద్దుటి నుంచి కూర్చున్నాను. పెన్ను మూత అయితే ఇంకా పెట్టలేదు.