మనవరాలి ఉచ్చ చదువు

మా అమ్మాయి మళ్ళీ ఉద్యోగంలో చేరాలంటే నా మనవరాలు ప్లేస్కూల్లో చేరాలి. ఆ స్కూలు మేడమేమో, "డైపర్‌తో వచ్చే పిల్లల్ని తీసుకోమండి" అని తెగేసి చెప్పింది.

"దీనికింత గొడవెందుకే, నేను నేర్పిస్తాగా!" అంటూ మా అమ్మ రంగంలోకి దిగింది. మునిమనవరాల్ని పెరట్లో కూర్చోబెట్టి "ఉస్స్స్..." అనేది. పిల్ల పోసేది. నన్నూ అలాగే పెంచిందట. వారం తిరక్కుండా ఆ శబ్దం వినబడితే చాలు, సాగర్ గేట్లన్నీ ఒక్కసారే లేచేవి.

కానీ మాది మిరపకాయలు పండించే ఊరు. గొడ్డుకారం లేనిదే ముద్ద దిగదు. నోరు మండినవాడు ఏమంటాడు? "ఉస్స్స్" అంటాడు. భోజనాల దగ్గర నేను అలా అనడం, పక్కన కూర్చున్న పిల్ల చాప తడపడం. చేపల పులుసు పెట్టిననాడైతే లోతట్టు ప్రాంతాలవాళ్ళని ఖాళీ చేయించాల్సినంత పనైంది.

"నాన్నా, కాస్త నోరు మూసుకుని తినలేవా?" అంది అమ్మాయి.

తిన్నాను. పండుమిరప పచ్చడి నోరు మూసుకుని తింటే కళ్ళల్లోంచి, ముక్కులోంచి, ఆఖరికి చెవుల్లోంచి కూడా కారింది. పక్కింటాయన కిటికీలోంచి చూసి, "ఏంటి బావా, ఎవరన్నా పోయారా?" అని పరామర్శకొచ్చాడు. వచ్చినవాడు ఊరుకోక రెండు ముద్దలు తిని, "ఉస్స్!" అన్నాడు.

చాప ఉతికాం.

పిల్ల మాత్రం మెల్లగా ఆపుకోవడం పట్టుకుంది. ఒకరోజు చాప దాటి పోసింది. ఇంకోరోజు గుమ్మం దాటింది. ఆరోజు మా ఇంట్లో పాయసం వండారు.

స్కూల్లో మధ్యాహ్నం దాకా ఉంచి చూస్తానంది మేడం. సంచీనిండా గౌన్లు పెట్టుకుని గుమ్మం దగ్గర కూర్చున్నాను. అన్నాలవేళ మేడం తన బాక్సు తెరిచింది. గోంగూరలో ఇంతలావు పచ్చిమిరపకాయ. "వద్దమ్మా!" అని నేను లేచేలోపే కొరికేసింది.

"ఉస్స్స్..."

నా మనవరాలు చటుక్కున లేచి, మేడం కొంగు పట్టుకుని బాత్రూం దాకా లాక్కెళ్ళింది. తలుపు తీసి, "పోసుకో మేడం. నేనిక్కడే ఉంటా" అంది.

మేడం లోపలికెళ్ళింది. ఆవిడ బయటికొచ్చాక పిల్ల తనూ వెళ్ళి, పొడి గౌనుతో తిరిగొచ్చింది.

"సోమవారం నుంచి పంపండి" అంది మేడం, కొంగు సర్దుకుంటూ.