మల్లన్న కోసిన ఎనిమిది పొరలు

గోరంతను కొండంత చేయడం నా జబ్బు. చదివేవారు ముందే మూడొంతులు తగ్గించుకోవాలి. మొన్న సాయంత్రం కామాఠిపురాలో కరెంటు పోతే, పక్కింటావిడ వెలిగించిన కొవ్వొత్తి గాలికి ఆరిపోయింది. ఆ మైనం వాసనకు మల్లన్న గుర్తొచ్చాడు. మనిషి పోయి రెండేళ్ళయినా నాకు ఒళ్ళంతా మళ్ళీ అసూయతో మండింది.

నాగ్‌పాడాలోని ఒక ల్యాబులో మా ఇద్దరిదీ ఒకటే పని. రోగి ఒంట్లోంచి తీసిన కండముక్కను మైనంలో బిళ్ళగా పోసి, మెషీన్ మీద పొరలుగా కోసి, గాజు పలకలకు ఎక్కించడం. నాకు పని నేర్పింది అతనే. అతని తాతలు పాలమూరు నుంచి వచ్చి ఈ మహానగరం కట్టడానికి రాళ్ళు మోశారు. మనవడు కోసిన పొర మాత్రం ఎవరైనా తుమ్మితే గ్రాంట్ రోడ్ దాకా ఎగిరిపోయేది. అతను కోసేటప్పుడు సీలింగు ఫ్యాను కూడా ఊపిరి బిగబట్టేది. “మల్లన్న స్లయిడ్లే తెండి,” అనేది డాక్టరమ్మ. పదకొండేళ్ళు విన్నాను ఆ మాట. విన్నప్పుడల్లా సున్నపు నీళ్ళు తాగినట్టుండేది.

ఒకరోజు వచ్చిన బిళ్ళ మీద మా అక్క బాలమణి పేరుంది. ఛాతీ లోపల గడ్డ. సూదితో తీసిన ముక్క దారప్పోగంత. నేనే కోస్తానన్నాను. “అన్ని పొరలు ఒక్కపారే కోసి పెట్టు తమ్మీ, మెషీన్ మీంచి బిళ్ళ ఊడదియ్యకు,” అన్నాడు మల్లన్న. అతను చెప్పాడు కనుకనే వినలేదు. ఒక్క పొర కోసి, బిళ్ళ ఊడదీసి, కోట గెలిచినవాడిలా టీకి వెళ్ళాను.

డాక్టరమ్మ మైక్రోస్కోపు మీంచి తలెత్తింది. “లింఫోమా క్యాన్సరో, థైమస్ గ్రంథి గడ్డో పొరకు వేసే మామూలు రంగుతో తేలట్లేదు. ఒకదానికి మందులు, ఇంకోదానికి ఆపరేషన్. వేరే పరీక్షలు చేయాలి, ఇంకో ఎనిమిది పొరలు కావాలి.”

బిళ్ళను మళ్ళీ బిగించాను. ఒకసారి ఊడదీసింది మునుపటిలా కూర్చోదు, ఆ వంకర సరిపడేదాకా పైపైన చెక్కాలి. చెక్కాను. సగం ముక్క పొట్టయి రాలింది.

“అరె, బస్ కర్! ఇంక చెక్కితే మీ అక్కకు ఏం మిగల్దు. బిళ్ళ ఇటియ్యి,” అన్నాడు మల్లన్న.

“నాకు రాదా మల్లన్నా?”

“వస్తది. రేపు నాకే గడ్డొస్తే నువ్వే కొయ్యి. ఇయ్యాల మాత్రం ఇయ్యి.”

ఇచ్చాను. అతను చెక్కలేదు. బిళ్ళను పట్టి ఉంచే బిగింపునే వెంట్రుకవాసి జరుపుతూ జరుపుతూ దాని వాలును కత్తి వాలుకు కలిపాడు. ఎనిమిది పొరలొచ్చాయి. తొమ్మిదోసారి ఉత్త మైనమే. లింఫోమా అని తేలింది. ఛాతీ కోయకుండానే మందులతో అక్క లేచింది, ఇప్పుడు మా వరసగదుల చాల్‌లో నల్లా దగ్గర అందరినీ తిడుతోంది.

అప్పట్లో అతనికి జొన్నరొట్టెలు పట్టుకెళ్ళింది అక్క. “నాదేముందక్కా, నీ తమ్ముడే తెలివిగ బిళ్ళ తెచ్చి నా చేతిల పెట్టిండు,” అన్నాడట.

తుమ్ముకు ఎగిరే పొర, ఊపిరి బిగబట్టే ఫ్యాను, ఇవన్నీ కాస్త అటూ ఇటూగా నిజమే. నేను కల్పించింది ఒక్కటే, ‘ఇచ్చాను’ అన్నది. ఇవ్వలేదు. నా వేళ్ళు ఒక్కొక్కటే విప్పి లాక్కున్నాడు. ఇచ్చానన్న అబద్ధం కూడా నా సొంతం కాదు, అతను అక్కకు చెప్పిందే. ఈనాటికీ మా ఇంట్లో నా పరువు దాని మీదే నిలబడి ఉంది. ఆఖరికి అబద్ధంలోనూ నన్ను మించిపోయాడు ఆ మనిషి.