ఉప్పుటేట్లో నానబెట్టిన బల్ల

తూటాలు నింపుకోవడానికి ఒక బల్ల చేసిపెట్టమని దాదా మా ఇంటికి వచ్చిన రోజు నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ముందే చెప్పేస్తున్నాను, తరవాత నన్ను తప్పు పట్టకండి. ఆ బల్ల వ్యవహారంలో నాకు మొదట్లో ఏమీ అర్థం కాలేదు, మధ్యలో అసలే అర్థం కాలేదు. చివర్లో అర్థమయ్యాక, కాకుండా ఉంటేనే హాయిగా ఉండేది కదా అనిపించింది.

మేం సముద్రం దాటి ఈ దీవిలోని చౌల్దారీ వచ్చి అప్పటికి రెండో ఏడు. మావాళ్లు శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డువాళ్లు, చేపల వేట తప్ప వేరే బతుకు తెలియనివాళ్లు. ఇక్కడికి వచ్చాక కూడా నా మొగుడు వేటకే పోయేవాడు. వెళ్తే వారం, పది రోజులు. ఇంట్లో నేనూ మా మావయ్యా మిగిలేవాళ్లం. మావయ్య అంటే నా మొగుడి తండ్రి. అక్కడ ఊళ్లో ఆయన చేసిన పడవ ఒడ్డు దిగుతుందంటే చూడ్డానికి జనం వచ్చేవారు. ఇక్కడ ఆయన్ని పడవ అడిగేవాడే లేడు. ఉలి, బాడిసె గోనెలో చుట్టి దూలానికి కట్టేసి, రోజంతా ఆ మూట కేసి చూస్తూ కూర్చునేవాడు.

మాకు చేతికొచ్చిన వరిమడి చిన్నదే. మొదటి ఏడు గింజ పాలు పోసుకునే వేళకి అడవిలోంచి చుక్కల జింకలు మందలు మందలుగా దిగి మొత్తం మేసి పోయాయి. పులి లేని అడవి, వాటికి ఎవరి భయం? నా మొగుడు ఆ రోజే తేల్చేశాడు. ఇంకో పంట కూడా ఇంటికి రాకపోతే ఓడెక్కి వెనక్కి పోదాం అన్నాడు. వెనక్కి అంటే ఎక్కడికి, నా మొహం! మా గుడిసె ఉన్న ఇసకని సముద్రం ఎప్పుడో మింగేసింది. పుట్టి బుద్ధెరిగాక నాది అనుకుని నేను కాలు మోపిన నేల ఆ మడి ఒక్కటే. రాను గాక రాను అని అరిచాను.

దాదా మా పక్క మడి రైతు. బెంగాలీ మనిషి, ఒకప్పుడు పటాలంలో పనిచేశాడట. పంట కాపలాకని లైసెన్సు ఇచ్చిన ఒంటిగొట్టం తుపాకీ ఆ చుట్టుపక్కల ఆయన దగ్గరే ఉంది. తన మడితోపాటు మాదీ కాస్తానన్నాడు, మహానుభావుడు. కానీ తూటాలు అయిపోయాయి. కొత్తవి తెచ్చే ఓడ ఎప్పుడొస్తుందో ఆ ఓడకే తెలియదు. పేల్చేసిన ఇత్తడి గొట్టాలు సంచెడు దాచుకున్నాడు. వాటిలోనే మళ్లీ మందూ గుళ్లూ కూరుకుంటాను, ఆఫీసులో పర్మిట్ కూడా తెచ్చుకున్నాను అని కాగితం చూపించాడు.

"భయ్యా, ఏక్ టేబుల్ బనా దో. ఛోటా. ఫోల్డింగ్" అని మా మావయ్యతో అని, రెండు చేతులూ గాలిలో తెరిచి మూశాడు.

మావయ్యకి హిందీ రాదు. నాకు వచ్చిన హిందీ బజారులో చేపలు అమ్మేంత. అడిగి అడిగి రాబట్టాను. మడిస్తే పెట్టె కావాలట, విప్పితే బల్ల కావాలట. గొట్టాలు నొక్కే ఇనప మిషను ఒకటి అంచుకి బిగిస్తే రవ్వంత కదలకూడదట. కానీ మనిషి ఒక్కడే చంకన పెట్టుకుని గట్టు మీద నడిచిపోవాలట. మందుకి ఒక అర, గుళ్లకి ఒకటి, దెబ్బ తగిలితే మందు అంటించే చిన్న చిన్న టోపీలకి ఇంకొకటి. ఇంత అవస్థ ఎందుకు, ఇంట్లోనే ఏదో పీట మీద చేసుకోకూడదా అన్నాను.

"నహీ నహీ బేటీ, ఘర్ మే చూల్హా హై" అని మా పొయ్యి చూపించి, మా ఆకుల కప్పు చూపించి, రెండు చేతులతో 'భాం' అన్నాడు. అది మాత్రం అర్థమైంది.

"ఏటే పిల్లా, ఏటంటన్నాడు?" అన్నాడు మావయ్య.

"బల్లంట మావా. పెట్టంట. రెండూ ఒకటేనంట."

"కదలకూడదా, మోసుకుపోవాలా?"

"రెండూనంట."

"నీకేటైనా బోధపడిందా?"

"నా బొంద. నాకేటి తెలుస్తాది?"

ఆయన గెడ్డం గోక్కుంటూ చాలాసేపు ఆలోచించి, "నీళ్లు దూరొచ్చా దాన్లోకి? అడుగు" అన్నాడు. అడిగాను. దాదా కంగారుగా తల అడ్డంగా ఊపాడు. "పానీ? బిల్కుల్ నహీ!"

మా మావయ్య మొహం అలా వెలగడం ఈ దీవికి వచ్చాక నేను చూడలేదు. "అదీ! అలా సెప్పవేటి మరి. నీళ్లు దూరకూడదంటే అది పడవే" అని లేచి, దూలానికున్న మూట విప్పాడు.

పది రోజులు చేశాడు. పడాక్ చెక్క సన్నగా చీరి, పలకకి పలక ఆనించి, సందుల్లో పీచు కుక్కి, రాగి మేకులు కొట్టాడు. కాళ్లు లోపలికి మడతపడేలా బందులు పెట్టాడు. అన్నానికి పిలిస్తే కసురుకునేవాడు. మళ్లీ ఆ కసురు విన్నందుకు నాకు లోపల సంతోషం. అంతా అయ్యాక, కొత్త పడవకి చేసినట్టే పసుపు రాసి, బొట్లు పెట్టి, నిమ్మకాయ కోసి, తీసుకుపోయి ఉప్పుటేట్లో ముంచాడు. పైన రాళ్లు పెట్టాడు. ఆ రాళ్లు మోసింది నేనే.

రెండు రోజులు నాననిచ్చాడు. "నానితేనే పలక ఉబ్బుతాది, సందు మూసుకుంటాది. నానెయ్యని పడవ ఎవుడెక్కుతాడే?" అన్నాడు. నిజమే కదా! మా ఇళ్లల్లో పుట్టిన ఏ పిల్లనడిగినా అదే చెబుతుంది. ఇద్దరిలో ఒక్కరికీ, ఇది నీళ్ల మీదకి పోయేది కాదురా బాబూ అన్న ఆలోచన రాలేదు. తరవాత నాలుగు రోజులు ఎండబెట్టాం. ఎండితే చాలనుకున్నాం.

బల్ల నిలబెట్టే రోజు ఒక తిరణాల. పనస కింద పెడితే కాయలు పడతాయన్నాడు దాదా. పెరట్లో పెడితే కోళ్లు ఎక్కాయి. ఎండలో వద్దు, గాలిలో వద్దు, పొయ్యి దగ్గర అసలే వద్దు. ఒక కాలు పాతితే ఇంకో కాలు లేస్తుంది. మోసుకుంటూ మా ఇంటి చుట్టూ మూడు ప్రదక్షిణాలు చేశాం. చివరికి మడి గట్టు మీద కాపలా పాకలో, నాలుగు కాళ్ల కిందా చదును రాళ్లు వేస్తే కుదురుగా నిలబడింది. దాదా మిషను బిగించి ఊపి చూశాడు, కదల్లేదు. "వాహ్ భయ్యా!" అని మావయ్య చేతులు రెండూ పట్టుకున్నాడు. బీడీ అవతల పారేసి, మమ్మల్ని దూరం పొమ్మని, ఒక్కడే కూర్చుని తూటాలు నింపుకున్నాడు. నింపినవీ మిగిలిన మందూ ఆ పెట్టెలోనే పెట్టి మూత బిగించాడు. ఆ వారమంతా ముసురు పట్టింది. మావయ్య రోజూ వెళ్లి మూత కింద వేలు పెట్టి చూసి, "సుక్క దూరలేదు" అని వచ్చి చెప్పేవాడు.

ముసురు విడిచిన రోజు పొద్దు వాలుతుండగా జింకలు దిగాయి. దాదా గురి పెట్టాడు. నేను చెవులు మూసుకున్నాను. 'టిక్' అంది. అంతే. ఇంకొకటి వేశాడు, 'తుస్' అంది. జింక ఒకటి తలెత్తి మా వైపు చూసి, మళ్లీ మేతలో పడింది. దాని నిర్లక్ష్యానికి నాకు ఒళ్లు మండిపోయింది.

ఎందుకు పేల్లేదో ఎవరికీ అంతుబట్టలేదు. టోపీలు పాతవన్నాడు దాదా. తరవాత తుపాకీదే తప్పన్నాడు. దాన్ని ఊడదీసి తుడిచి, తూటాలు విప్పి మళ్లీ నింపాడు. మళ్లీ టిక్కే. పెట్టె అరలో మిగిలిన మందు కూడా ముద్దకట్టి ఉంది. ఎవరిదో దిష్టి అన్నాడు మావయ్య. ఆడది రాళ్లు మోసింది కదా అని కూడా ఒక మాట జారాడు. "ఆడదాని చెయ్యి తగిల్తే పేలకపోతే, మరి మీ అన్నం ఎలాగ ఉడుకుతోంది?" అని నేను అగ్గి మీద గుగ్గిలం అయ్యాను. దాదా మాత్రం తన చేతుల కేసి చూసుకుంటూ, నా పని మరిచిపోయానా అని హిందీలో గొణుక్కున్నాడు.

మర్నాడు పొద్దున్న బల్ల తుడుద్దామని మూత తీశాను. లోపలి పలక మీద తెల్లగా పొడిలాగా ఏదో లేచి ఉంది. చెయ్యి పెడితే చెమ్మ. ఎక్కడో చూశానే ఇది అనుకున్నాను. వంగి నాలుక ఆనించాను. ఉప్పు!

వానాకాలం నా వంటింట్లో ఉప్పు కుండ నీరు కారుతూనే ఉంటుంది. ఉప్పుటేట్లో రెండు రోజులు నానిన చెక్క మాత్రం కారదా? పైనుంచి చుక్క దూరలేదు, నిజమే. లోపల చెక్కే చెమ్మని లాగి మందుకి పట్టించింది. వెనక్కి తిరిగితే మావయ్య గట్టు చివర కూర్చుని అటెటో చూస్తున్నాడు.

చెప్పాలా? చెబితే పాడైన మందు బాగుపడదు. చెబితే ఆ ఉలి మళ్లీ దూలానికి ఎక్కుతుంది. చెప్పకపోతే దాదా తన చేతినే తిట్టుకుంటాడు పాపం. మడి చూస్తే పసుపు తిరుగుతోంది, నా కళ్ల ముందు ఓడ కనబడుతోంది. ఎవరి పక్కన నిలబడాలో తెలియక ఆ రోజంతా పిచ్చిదానిలా తిరిగాను. కూరలో ఉప్పు వెయ్యడం కూడా మరిచిపోయాను. చివరికి నోరు కుట్టేసుకున్నాను.

ఆ సాయంత్రం మళ్లీ జింకలు దిగాయి. దాదా తుపాకీ ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చున్నాడు. నేను ఏడుస్తున్నాను, దాచడం దేనికి. అప్పుడు మావయ్య లేచాడు. పెట్టెలో ఉన్నవన్నీ గోనె మీద ఒలకబోశాడు, మిషను ఊడదీశాడు, బల్ల బోర్లించాడు. పాకలో ఉన్న తెడ్డు తీసి దాని అడుగు మీద కొట్టడం మొదలుపెట్టాడు. వల వేశాక పడవ అంచు మీద తెడ్డుతో బాది చేపల్ని వలలోకి తోలతారే, ఆ వరస. సందు లేకుండా బిగిసిన చెక్క కదా, మోత అడవికి తగిలి వెనక్కి వచ్చింది. జింకలు ఒక్కసారిగా తలలెత్తి, అడ్డదిడ్డంగా పడి పరిగెత్తాయి. దాదా నోరు తెరిచి చూసి, "అరే భయ్యా!" అని నవ్వాడు.

కోత అయ్యేదాకా రోజూ తెల్లారగట్ల, పొద్దువాలే వేళ కొట్టాం. నేను కొట్టాను, దాదా కొట్టాడు. కానీ ఎక్కువ కొట్టింది మావయ్యే. అరచేతులు పొక్కి, చిట్లి, గుడ్డ కట్టుకుని కొట్టాడు. ఇమ్మంటే తెడ్డు ఇచ్చేవాడు కాదు. ఆ పట్టుదల ఏమిటో అప్పుడు నాకు అర్థం కాలేదు. పంట ఇంటికొచ్చింది. నా మొగుడు వేట నుంచి వచ్చి, కుప్ప చుట్టూ ఒకసారి తిరిగి, కాళ్లు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు. ఓడ మాట మళ్లీ ఎత్తలేదు.

చాలా ఏళ్లు గడిచాయి. ఈ దీవిలోనే గరాచర్మలో ఇల్లు కట్టుకున్నాం. మావయ్య మంచం పట్టాడు. దాదా మాకే వదిలేసిన ఆ బల్ల ఆయన మంచం పక్కనే ఉండేది, మందుసీసాలు దాని మీదే. ఒక మధ్యాహ్నం గంజి పట్టిస్తుంటే, దాని మీద చెయ్యి వేసి అన్నాడు.

"దీన్ని నానెయ్యకుండా ఉండాల్సిందే."

గ్లాసు కింద పెట్టాను. "ఏటి మావా?"

"నువ్వు వొంగి నాలిక ఆనించేవు కదే. సూసేను. అప్పుడే తెలిసిపోనాది. ఇంక సెప్తాది, ఇంక సెప్తాది, దాదా ముందర నా పరువు పోనాది అని పొద్దంతా గట్టు మీద కూకున్నాను. నువ్వు సెప్పలేదు." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "మడి పోతే నువ్వేటయిపోతావో నాకు తెల్దా? అయినా సెప్పలేదు నువ్వు. మరింక నేను ఊరికే ఎలాగ కూకుంటానే?"

గ్లాసు మళ్లీ ఆయన నోటికి అందించాను. ఆయనే మళ్లీ, కొంచెం కోపంగా, "అయినా పైనుంచి సుక్క కారిందేటి?" అన్నాడు.

"లేదు మావా" అన్నాను. "ఒక్క సుక్క కారలేదు."