అన్నీ మంగళవారాలే

పుష్పావతి ఎవరింటికి వెళ్ళినా ముందు మనిషి మొహం చూడదు, గోడ చూస్తుంది. పోర్ట్‌బ్లెయిర్‌లో మిడిల్ పాయింట్ చుట్టుపక్కల పదహారేళ్ళుగా ఆమె ఆశా వర్కరు. తెలుగువాళ్ళకు పుష్పమ్మ, మిగతా అందరికీ ఆశా దీదీ. ఫలానా ఇంట్లో కోడలు నెల తప్పిందని తెలిస్తే చాలు, చంకలో రిజిస్టరు పెట్టుకుని వెళ్ళి ముందుగా క్యాలెండర్ ఎక్కడని అడుగుతుంది. ఆడవాళ్ళకు తేదీలు నోటికి ఉండవు, గోడమీద ఉంటాయి. పాల ప్యాకెట్‌కి ఒక గీత, గ్యాసు బండకి ఒక గుర్తు, నెలసరికి వాళ్ళకే తెలిసే ఒక చిన్న చుక్క. ఆ చుక్క చూసి వేళ్ళమీద లెక్క వేసి కాన్పు ఎప్పుడో చెప్పేస్తుంది. డాక్టరు చెప్పిన తేదీ తప్పిందేమో గానీ తను చెప్పింది తప్పలేదని కాస్త గొప్పలు కూడా పోతుంది.

చుక్కల కోసం చూసీ చూసీ క్యాలెండర్లనే చదవడం మరిగింది. తమిళుల ఇళ్ళలో రోజుకో కాగితం చింపే క్యాలెండర్ ఉంటుంది. అది వారం రోజులుగా చింపకుండా ఉంటే ఆ ఇంట్లో ఎవరో మంచాన పడ్డట్టే. బెంగాలీవాళ్ళకు ఏడాది ఏప్రిల్‌లో మొదలవుతుంది కాబట్టి ఏ తేదీ అయినా రెండుసార్లు అడగాలి. రాంచీ నుంచి కూలికొచ్చి స్థిరపడ్డవాళ్ళ గోడకు చర్చి క్యాలెండర్. అబర్డీన్ బజార్ దుకాణదారుల ఇళ్ళలో ఒకే మేకుకు ఏడెనిమిది. ఏ ఏజెన్సీ వాడిచ్చినా కాదనరు, ఒక్కదానికీ పేజీ తిప్పరు. ఇక మనవాళ్ళు. వర్జ్యం, రాహుకాలం ఉన్న తెలుగు క్యాలెండర్ వైజాగ్ నుంచి ఓడలో రావాలి. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలు చాలామంది దాన్ని కూడబలుక్కుని కూడా చదవలేరు. వైజాగ్ కంటే అరగంట పైగా ముందే తెల్లారే ఊళ్ళో ఆ రాహుకాలం ఎలా కుదురుతుందని ఎవరూ అడగరు. అయినా పట్టుబట్టి దాన్ని తెప్పించుకునే ఇల్లంటే పద్ధతి గల ఇల్లని పుష్పావతి నమ్మకం. తన ఇంట్లో మాత్రం మందుల షాపువాడు ఊరికే ఇచ్చిన క్యాలెండర్, అదీ మూడు నెలలు వెనక.

కూతురు భానుశ్రీకి సంబంధాలు చూసినప్పుడు చివరికి రెండు ఇళ్ళు మిగిలాయి. ఒకటి అబర్డీన్ బజార్‌లో బట్టల కొట్టువాళ్ళది. గోడకు ఎనిమిది క్యాలెండర్లు. ఎవరికీ కాదని చెప్పలేని మనుషులు రేపు నా పిల్ల పక్షాన ఏం మాట్లాడతారని ఆమె ఆ సంబంధం వదిలేసింది. రెండోది జంగ్లీఘాట్‌లో రాజకుమారి ఇల్లు. ఆవిడకు ఒక్కడే కొడుకు మోహన్‌కృష్ణ, ఫీనిక్స్ బే జెట్టీలో టికెట్లిచ్చే ఉద్యోగం. ముందు గదిలో ఒకే ఒక్క తెలుగు క్యాలెండర్, వంకర లేకుండా వేలాడుతోంది. మేకుకు దారంతో కట్టిన ఎర్ర పెన్ను. పాలు, గ్యాసు, కరెంటు బిల్లు, అన్నీ ముత్యాల్లాంటి అంకెల్లో. పుష్పావతి అక్కడికక్కడే మనసులో తాంబూలాలు పుచ్చేసుకుంది. ఆమె మొగుడు దాలయ్య బోటుమీద పనిచేసి రిటైరైన మనిషి. ఇంటికొచ్చాక ఒక్క మాట అన్నాడు.

"పిల్లని మనిసికిస్తన్నావా, గోడకిస్తన్నావేటే?"

ఆయన మాట ఆ ఇంట్లో ఎప్పుడు చెల్లింది గనక. పెళ్ళయింది. కూతురిని దిగబెట్టి వచ్చేటప్పుడు కళ్ళు తుడుచుకుంటూనే, ప్రతి నెలా తేదీ క్యాలెండర్ మీద మరిచిపోకుండా గుర్తు పెట్టుకోమని చెప్పింది. వెయ్యి ఇళ్ళలో చెప్పిన మాటే అలవాటుగా నోట్లోంచి వచ్చింది. పక్కనే ఉన్న రాజకుమారి శ్రద్ధగా విని తల ఊపింది.

మూడేళ్ళు గడిచాయి. పిల్లల్లేరు. జనవరి ఆరో తేదీ పొద్దున్నే రాజకుమారి ఫోన్ చేసి, ఒక మాటుంది, ఒక్కరే రండి అంది. పుష్పావతి వెళ్ళేసరికి మోహన్‌కృష్ణ డ్యూటీకి వెళ్ళిపోయాడు. భాను మంచినీళ్ళు తెచ్చిచ్చి, తల్లి కళ్ళలోకి చూడకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. పిల్ల మొహం పీక్కుపోయి ఉంది. రాజకుమారి బీరువా తెరిచి, చుట్టచుట్టి దాచిన మూడు పాత క్యాలెండర్లు తీసి మంచం మీద పరిచింది. అవి మళ్ళీ చుట్టుకోకుండా మూలలకు స్టీలు గ్లాసులు పెట్టింది.

నెలకో ఎర్ర గుండ్రం. చుక్క కాదు, గది అవతలి నుంచి కూడా కనిపించేంత గుండ్రం. గ్యాసు బండ తెచ్చేవాడు కూర్చునే గదిలో, చుట్టాలొచ్చి టీ తాగే గదిలో, తన కూతురి ఒంటి సంగతి మూడేళ్ళు గోడకు వేలాడింది. పుష్పావతికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. వచ్చినప్పుడల్లా పండగ పూట హడావుడిలో వచ్చి వెళ్ళిందే గానీ, ఒక్కసారీ ఈ గోడను పట్టి చూడలేదు. కూతురి ఇల్లు కదా, అక్కడ చదవాల్సిందేమీ లేదనుకుంది. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది ఆమె పని.

రాజకుమారి గొంతు పెంచలేదు. ఆవిడ గొంతు పెంచే మనిషి కాదు.

"మీరే గదా వదినా గుర్తెట్టించమన్నారు. పెట్టించినాను, ఒక్క నెల మానలేదు. ఈ సదువు మీకు తెలిసినట్టు నాకు తెల్దు. మీరే సూసి సెప్పండి. మావోడికింకా ముప్పై ఒకటే."

చివరి మాటకు అర్థం ఏమిటో పుష్పావతికి విప్పి చెప్పక్కర్లేదు. పిల్లని తీసుకుపొండి, మావాడికి ఇంకో పెళ్ళి చేసుకుంటాం అని. వంగి క్యాలెండర్లు చూసింది. ఏం చేయాలో తోచనప్పుడు ఆమెకు చేతనైన పని అదొక్కటే.

మొదటి రెండేళ్ళూ గుండ్రాలు ఒళ్ళు ఎలా ఉంటుందో అలాగే ఉన్నాయి. ఒకసారి ఇరవై తొమ్మిది రోజులు, ఒకసారి ముప్పై నాలుగు, ఒకసారి నలభై దాటింది. పోయిన ఏడాది ఏప్రిల్ ఒకటి నుంచి మాత్రం డిసెంబరు దాకా పది గుండ్రాలు, పదీ మంగళవారాలే. ఒక్క రోజు అటూ ఇటూ లేదు. ఈ మధ్య క్రమంగా వస్తోంది, అయినా లాభమేముంది అని రాజకుమారి పక్కనుంచి అంటోంది. పదహారేళ్ళలో ఇన్ని ఇళ్ళు తిరిగిన పుష్పావతికి ఇంత క్రమం గల ఒళ్ళు ఎక్కడా తగల్లేదు. పిల్లలు పుట్టకుండా మాత్రలు వేసుకునే వాళ్ళకు తప్ప.

ఆ మాత్రలు ఎప్పుడూ తన సంచీలోనే ఉంటాయి. మంచినీళ్ళ వంకతో వంటింట్లోకి వెళ్ళి, కూతురి చెయ్యి పట్టుకుని, ఎన్నాళ్ళనుంచి మింగుతున్నావని చెవిలో అడిగింది.

భాను పొయ్యి మంట తగ్గించింది.

"గోలీలేటీ లేవమ్మా. నాకు రావట్లేదు. మార్చిలో ఆఖరు. ఆ తరవాత ఇరవై ఎనిమిదేసి రోజులు లెక్కెట్టి నేనే సుట్టేస్తన్నాను. లేపోతే ఆవిడ కడుపనుకుంటాది, డాక్టరు దగ్గరికి లాక్కెళ్తాది, బస్, అంతా తెలిసిపోద్ది."

ఇరవై ఆరేళ్ళ పిల్లకు ముట్టు ఆగిపోవడం. ఎందుకు ఆగిపోతుందో, ఎంత త్వరగా చూపించాలో పుష్పావతి ట్రైనింగులో విన్నదే. పది నెలలు వృథాగా పోయాయి. కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"నాకెందుకు సెప్పలేదే?"

"సెప్తే రాసుకుంటావు. రాత్రి అన్నాల కాడ నాన్నకి కథ సెప్తావు. ఎవరింట్లో సుక్కలు ఎలాగున్నాయో నేను సిన్నప్పట్నుంచీ విన్నదే గదమ్మా."

నిజమే. ఫలానా ఇంట్లో నాలుగు నెలలుగా చుక్క లేదు, ఫలానా కోడలు తేదీ దాచిపెట్టింది అని పుష్పావతి నవ్వుతూ చెప్పేది. దాలయ్య నవ్వేవాడు. కంచం ముందు కూర్చున్న పిల్ల నవ్వేదో లేదో ఆమె ఎప్పుడూ చూడలేదు.

ముందు గదిలోంచి రాజకుమారి పిలిచింది. ఇవాళ మంగళవారం, లెక్క ప్రకారం ఇవాళే కదా, ఇంకా గుర్తు పెట్టలేదేమని. భాను కదలబోయింది. పుష్పావతి ఆమెను ఆపి తనే వెళ్ళింది. కొత్త క్యాలెండర్ గోడమీద ఇంకా రంగు వాసన కొడుతోంది. దారానికి వేలాడుతున్న పెన్ను అందుకుని ఆరో తేదీ చుట్టూ ఎర్రగా గుండ్రం చుట్టింది. ఆశా దీదీ పెట్టిన గుర్తును ఎవరు అనుమానిస్తారు? రాజకుమారి నిట్టూర్చి ఊరుకుంది. పుష్పావతి ఇన్నేళ్ళలో తెలిసి తెలిసి తప్పు తేదీ రాయడం అదే మొదలు. చెయ్యి కాస్తయినా వణకనందుకు ఆమెకు తనను చూసి తనకే భయం వేసింది.

తరవాత పెన్ను వదలకుండానే, పిల్లను వారం రోజులు తీసుకువెళ్ళి పెద్దాసుపత్రిలో చూపిస్తానంది. అల్లుడు కూడా వచ్చి పరీక్షలు చేయించుకోవాలంది. మావాడికేమైందని రాజకుమారి మొహం గంటుపెట్టుకుంది.

"మూడేళ్ళలో అతని గుర్తు ఒక్కటీ లేదు గదా వదినా. ఏటీ లేదని నేనెలాగ సెప్పీది?"

రాజకుమారి మంచం మీది పాత క్యాలెండర్లు చుట్టసాగింది. వెళ్ళొద్దని మాత్రం అనలేదు.

బస్టాపులో ఎండ మొహం మీద పడుతోంది. భాను సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వారం తరవాత ఏమవుతుంది, పరీక్షల్లో ఏం తేలుతుంది, మోహన్‌కి ఎవరు చెప్తారు, ఏదీ అడగలేదు. ఒక్క మాట మాత్రం అంది.

"వచ్చేది ఫిబ్రవరి మూడమ్మా. మళ్ళీ మంగళవారం."

అప్పటికల్లా మోహన్‌కి మనమే చెప్పేద్దామని పుష్పావతి అంది. భాను చేతివేళ్ళు మడుస్తూ ఏవో రోజులు లెక్కపెట్టుకుంటోంది. తల్లి ఆ చేతిని పట్టుకుని గట్టిగా మూసేసింది. భాను పెదాలు మాత్రం ఇంకా కదులుతూనే ఉన్నాయి.