సూదక్క కుట్టిన పాఠం

బడిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. పిల్లలకూ పంతుళ్లకూ సూదక్కే. చిరిగిన పుస్తకాలను విప్పి, పేజీలు సర్ది, మైనం రాసిన దారంతో కుట్టి అట్ట వేయడం ఆమె పని. గ్రంథాలయం వెనక ఒంటి కిటికీ గదిలో పందొమ్మిదేళ్లుగా అదే పని. చదువు కూడా అక్కడే అబ్బింది. కుడుతూ కుడుతూ అక్షరాలు కూడబలుక్కుంది.

ఆ ఏడు బడి తెరిచిన మూడో వారంలో పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఎనిమిదో తరగతి వాచకంలో తొమ్మిదో పాఠం తీసేయాలి. మురుగుకాలువలోకి దిగి ఊపిరాడక చనిపోయిన పనివాడి భార్య, ఆఫీసుల చుట్టూ తిరుగుతూ ‘నా మనిషిని లోపలికి దింపిందెవరు?’ అని అడిగే కథ అది. పిల్లల లేత మనసులు కలత పడతాయట.

హెడ్మాస్టరు రెండొందల పుస్తకాలూ ఒక బ్లేడూ ఆమె బల్లమీద పెట్టించాడు.

“ఆరు పేజీలే అక్కా. అంచు కనబడకుండా కోసెయ్. నీ చెయ్యి పడితే నీటుగా ఉంటుంది.”

“నాకు కుట్టడం వచ్చు సార్. కొయ్యడం రాదు.”

“వేళాకోళం కాదు. పైవాళ్ల మాట.”

“మా అన్న కూడా అలాగే పోయాడు సార్. మూత తీసి దిగినవాడు మళ్లీ పైకి రాలేదు. మా వాళ్ల గురించి ఒక్క ముక్క పుస్తకంలో పడ్డం ఇన్నాళ్లకి చూశా. దాన్ని నా చేత్తోనే కొయ్యమంటారా?”

హెడ్మాస్టరు బ్లేడు వెనక్కి తీసుకున్నాడు. చెడ్డవాడు కాదు, ఎదురు చెప్పే గుండె లేనివాడు. పని గుమాస్తాకు అప్పగించాడు. గుమాస్తా అడ్డదిడ్డంగా కోసి, కాగితాలను గోనెసంచిలో కుక్కి చెత్తకుప్ప మీద పడేశాడు.

సూదక్క ఆ సంచిని అందరూ చూస్తుండగానే నెత్తిన పెట్టుకుని తెచ్చింది. మూడేసి కాగితాలు వరస కలిపి, రంగు అట్టలు వేసి కుట్టింది. మర్నాడు బడి వదిలాక గేటు ముందు నిలబడి పంచిపెట్టింది.

మూడోరోజు అధికారి దిగాడు.

“ఎవరినడిగి పంచావు?”

“చెత్తకుప్పలోంచి తీసుకోడానికి ఎవర్నడగాలి సార్? వాచకంలో ఉండొద్దన్నారు. లేదుగా!”

“అన్నీ వెనక్కి తెప్పించు.”

“ఇచ్చింది వెనక్కి అడగడం మా ఇంటావంటా లేదు.”

సాయంత్రానికల్లా ఉద్యోగం ఊడింది. సూదులూ మైనమూ సంచిలో వేసుకుని బయటకు నడిచింది. ఇంటికి వెళ్లాక మాత్రం గోడకు చేరగిలబడి కాసేపు ఏడ్చింది.

ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి సంగతి చెబితే, దర్జీ అయిన వాళ్ల నాన్న తన కొట్లో ఓ మూల చూపించాడు. కొట్టు బడికి ఎదురుగానే. సూదక్క అక్కడ బల్ల వేసుకుంది.

పాఠం మళ్లీ వాచకంలోకి రాలేదు. కుట్టిన పుస్తకాలు కూడా చేతులు మారి మారి నలిగిపోయాయి. అందుకని ఏటా ఎనిమిదిలోకి వచ్చిన పిల్లలు ఆమె బల్ల దగ్గర కూర్చుని, ఆమె దాచుకున్న ఒక్క ప్రతిలోంచి పాఠం చూసి రాసుకుంటారు. ఆమె ఒక్కో కాగితం వేలు పెట్టి చదివి గానీ కుట్టదు.

“ఇదిగో, ఇక్కడ ‘ఎవరు’ అన్న మాట వదిలేశావు. అదే అసలు మాట. మళ్లీ రాయి.”