వడ్డీకి టాక్సు పడకుండా

ఆ మనిషి గొంతు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. నర్సీపట్నం బస్‌ కాంప్లెక్సులో నా పక్కన ఒకావిడ, ఆవిడ భర్త కూర్చున్నారు. పదిహేనేళ్ళు ఆవిడ పేరున కట్టిన పీపీఎఫ్ ఖాతా తాలూకు చెక్కు ఆ పూటే వచ్చిందట. తల్లి కంటి ఆపరేషనుకి అందులో కొంత ఇస్తానంది ఆవిడ.

బస్టాండంతా వినేలా అరిచాడు.

"నా ఖాతాలో లిమిట్టు నిండిపోతే, వడ్డీకి టాక్సు పడకూడదని నీ పేరున ఏసాను. డబ్బు నీదని ఎవుడు సెప్పాడే?"

చెక్కు కోసం చెయ్యి చాచాడు. ఆవిడ హ్యాండ్‌బ్యాగు చంకలో బిగించి లేచింది.

"ఇన్నేళ్ళూ గవర్నమెంటుకి నాదనే కదా సెప్పావు. బేగెల్లి, కాదని సెప్పు."

బలిఘట్టం ఆటో ఎక్కి వెళ్ళిపోయింది.

ఇంటికెళ్ళగానే మా ఆయన్ని అడిగాను, నా పేరున ఉన్న పాస్‌బుక్కు ఎక్కడ దాచారని.