నాగభూషణం గారి ఏడు లక్షల వోల్టులు

తణుకు నుంచి వచ్చి ఢిల్లీలో స్థిరపడ్డ నాగభూషణం గారిది ఘనమైన ఉద్యోగమే. ప్రభుత్వ ప్రయోగశాలలో ఓ పెద్ద యంత్రం రెప్పపాటులో ఎన్నో వంతు కాలం లక్షల వోల్టులు పుట్టించి, ఎలక్ట్రాన్లను తూటాల్లా వదులుతుంది; అవి తగిలినచోట ఎక్స్‌రేలు పుడతాయి. ఆ వోల్టులు ఎన్నో కొలిచి చెప్పడం ఆయన పని. జనక్‌పురిలో ఇరుగుపొరుగు మాత్రం ఆయనది మీటరు రీడింగు తీసే శాఖ అనుకుని, కరెంటు బిల్లు ఎక్కువొస్తే ఆయన తలుపే తడతారు. ఆయనా కాదనరు.

అన్ని వోల్టుల్ని ఏ మీటరూ నేరుగా తట్టుకోలేదు. అందుకని మైలుతుత్తం కలిపిన నీలం నీళ్ల గొట్టాన్ని యంత్రానికి తగిలిస్తారు. భారమంతా ఆ నీళ్లు మోస్తే, ఏ వెయ్యో వంతో తెర మీద గీతగా కనబడుతుంది. దాన్ని గుణించుకుంటే లెక్క తేలుతుంది.

ఆ మే నెలలో యంత్రం ఐదు లక్షలు దాటనని మొరాయిస్తోంది. నాగభూషణం గారు ఏవో సర్దుబాట్లు చేశారు. ఓ మధ్యాహ్నం గీత ఏడు లక్షలకి ఎగిరింది. ఆయన అంతకంటే పైకి ఎగిరారు. డైరెక్టరుకి చెప్పారు, వరండాలో ఎదురైన ప్రతివాడికీ చెప్పారు. భార్య సుభద్రకి ఫోన్ చేసి, "పేపర్లో వేస్తారేమో" అన్నారు.

"మంచిది. వచ్చేటప్పుడు పెరుగు తెండి" అందావిడ.

జూనియర్ సైంటిస్టు ఇంద్రాణి ఢిల్లీలోనే పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. "సార్, వోల్టేజి అంత పెరిగితే ఎక్స్‌రే కూడా పెరగాలి కదా? నా డిటెక్టర్‌లో నిన్నటంతే ఉంది" అంది.

"అయితే నీ డిటెక్టర్ చూసుకోమ్మా."

"చూశాను సార్. ఠీక్ హై."

ఆయనకి ఒళ్లు మండింది. అయినా యంత్రం ఆపించి, అంతా ఎర్త్ చేయించి, గొట్టం మీద చెయ్యి వేశారు. చురుక్కుమంది. పొద్దుటినుంచీ ఏసీ పనిచెయ్యడం లేదు. నీళ్లు వేడెక్కితే కరెంటుకి అడ్డు తగ్గి, రీడింగు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఏటా కొత్తగా చేరినవాళ్లకి బల్ల గుద్ది ఈ సంగతి చెప్పేది ఆయనే. బల్లకి గుర్తుంది కాబోలు, తనకే లేదు.

అప్పటికే డైరెక్టరు పై అధికారుల్ని మర్నాడు రమ్మని పిలిచేశాడు. యంత్రం మళ్లీ మొరాయించిందని చెప్పి తప్పించుకుందామా అని నాగభూషణం గారికి ఓ క్షణం అనిపించింది. పాపం, దాని తప్పేముంది?

"సార్, ఏడు కాదు, ఐదే. నేను కొలిచింది ఎండని" అన్నారు డైరెక్టరు గదిలో నిలబడి.

డైరెక్టరు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "వాళ్లకేం చెప్పమంటారు?"

"నా పేరు చెప్పండి. పట్టుకున్నది ఇంద్రాణి అని కూడా చెప్పండి."

మర్నాడు నాగభూషణం గారే అధికారుల ముందు నిలబడి, గొట్టాన్ని ఓసారి వేడిచేసి, ఓసారి చల్లార్చి, ఒకే వోల్టేజి రెండు రకాలుగా ఎలా కనబడుతుందో చూపించారు.

"అయితే ఇది వాతావరణం కూడా చెబుతుందన్నమాట" అన్నాడు ఓ పెద్దాయన.

"చెబుతుంది సార్. నాకే వినబడలేదు."

గదంతా నవ్వింది. నీళ్లతో పనిలేని మరో కొలత సాధనం పక్కనే పెట్టడానికి అక్కడే అనుమతి దొరికింది. దాని బాధ్యత ఇంద్రాణికి ఇచ్చారు. రెండు గీతలూ కలిస్తే తప్ప నాగభూషణం గారు ఎవరికీ ఫోన్ చెయ్యకూడదని ఆ అమ్మాయి షరతు పెట్టింది. ఆయన బుద్ధిగా తలూపారు.